ఫైల్ లేదంటోంది సరే, ఎక్కడ వెతికింది?

నిన్న రాత్రి వరకు బాగానే పనిచేసిన ప్రోగ్రామ్. ఈ రోజు ఐకాన్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే విండో తెరుచుకోవడానికి బదులు చిన్న పెట్టె ఒకటి వచ్చి, అడిగిన ఫైల్ దొరకలేదని చెబుతుంది. ‘ఓకే’ నొక్కితే పెట్టె పోతుంది కానీ ప్రోగ్రామ్ మాత్రం రాదు. పని మధ్యలో ఇలా జరిగితే టెన్షన్ సహజం. ఆ కంగారులో ఎక్కువమంది చేసే పని ప్రోగ్రామ్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. దానితో సమస్య పోయే సందర్భాలు ఉన్నాయి. అయితే ఏళ్ల తరబడి కుదుర్చుకున్న సెట్టింగులు కూడా దానితో పాటే పోవచ్చు. పైగా కారణం ప్రోగ్రామ్‌కు బయట ఎక్కడో ఉంటే, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అదే పెట్టె మళ్లీ వస్తుంది.

ఈ ఎర్రర్‌ను ‘ఫైల్ పోయింది’ అని చదువుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. కంప్యూటర్ చెబుతున్న విషయం అంతకంటే చిన్నది. ఫలానా చిరునామాలో, ఫలానా పేరుతో, ఫలానా క్షణంలో చూశాను, అక్కడ ఏమీ లేదు. అంతే. ఆ ఫైల్ పక్క ఫోల్డర్‌లో క్షేమంగా ఉండవచ్చు. చిరునామాలో ఒక అక్షరం తేడా పడి ఉండవచ్చు. అడిగింది వేరే ఫైల్ కోసమైనా పెట్టెలో కనిపిస్తున్న పేరు ఇంకొకటి కావచ్చు. అందుకే మరమ్మతు మొదలుపెట్టే ముందు మూడు సంగతులు తెలియాలి: అడిగింది ఎవరు, ఏ పేరుతో అడిగారు, ఎక్కడెక్కడ వెతికారు. వీటికి జవాబు దొరికితే మిగతా పని చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది.

మెసేజ్‌లోని మాటలు

కాబట్టి ఆ పెట్టెను మూసే ముందు ఫొటో తీసుకోవడం మంచిది. అందులోని ప్రతి మాటకూ అర్థం ఉంది. విండోస్‌లో ‘ఫైల్ దొరకలేదు’ అనేది 2వ నంబర్ ఎర్రర్. ‘పాత్ దొరకలేదు’ అనేది 3వ నంబర్, పాత్ అంటే ఫైల్ దాకా వెళ్లే చిరునామా. వినడానికి ఒకేలా ఉన్నా రెండింటి కథ వేరు. మొదటిదానిలో ఫోల్డర్ దాకా దారి సరిగ్గానే ఉంది, చివర ఉండాల్సిన ఫైలే లేదు. రెండోదానిలో దారే మధ్యలో తెగింది. అంటే ఏదో ఫోల్డర్ పేరు మారింది, లేదా డ్రైవ్ అక్షరం మారింది, లేదా నెట్‌వర్క్ డ్రైవ్ కలవలేదు. 3వ నంబర్ వచ్చినప్పుడు ఫైల్ కోసం వెతకడం వృథా. చిరునామాను ఎడమవైపు నుంచి ఒక్కో ఫోల్డర్ చొప్పున తెరుచుకుంటూ వెళ్తే ఎక్కడ తెగిందో కంటికే కనిపిస్తుంది.

5వ నంబర్ అంటే అనుమతి లేదని. ఫైల్ ఉంది, తలుపు తీయనివ్వడం లేదు. అనుమతి, పాత్, డివైస్ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి చెప్పే మెసేజ్ కూడా విండోస్‌లో ఒకటుంది. చదివినవారికి ఏది తప్పో అర్థం కాని మాట అది. అలాంటి చోట ముందుగా ఆ చిరునామాలో ఫైల్ ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. ఉంటే అది అనుమతుల సమస్య, లేదా యాంటీవైరస్ అడ్డుకోవడం. లేకపోతే పాత్ సమస్య.

126వ నంబర్ ఇంకా తిరకాసుది. ‘మాడ్యూల్ దొరకలేదు’ అంటూ ఒక డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు తమ పనికి పిలుచుకునే సహాయక కోడ్ ఫైల్) పేరు చూపిస్తుంది. వెళ్లి చూస్తే ఆ డీఎల్ఎల్ అక్కడే ఉంటుంది! ఎందుకంటే ఒక డీఎల్ఎల్ తను పనిచేయడానికి ఇంకో డీఎల్ఎల్‌ను పిలుస్తుంది, అది మరొకదాన్ని పిలుస్తుంది. గొలుసులో మూడో కొక్కెం ఊడిపోయినా మెసేజ్‌లో మొదటి దాని పేరే వస్తుంది. ఎదురుగా ఉన్న ఫైల్‌ను లేదంటున్నారని జుట్టు పీక్కోవడం ఇక్కడే జరుగుతుంది.

లినక్స్, మ్యాక్ వంటి యునిక్స్ వారసత్వపు సిస్టమ్‌లలో ఫైల్ లేకపోయినా ఫోల్డర్ లేకపోయినా ఒకటే మాట, ‘అలాంటి ఫైల్ గానీ డైరెక్టరీ గానీ లేదు’ అని. దాని నంబర్ కూడా 2. కమాండ్‌లు టైప్ చేసే టెర్మినల్ విండోలో అయితే ఇంకొంచెం సమాచారం దొరుకుతుంది. కమాండ్‌లను నడిపే షెల్ 127 అనే సంఖ్యతో ఆగిపోతే ఆ కమాండ్ ఎక్కడా దొరకలేదని, 126తో ఆగితే దొరికింది కానీ నడపడం కుదరలేదని అర్థం. ఈ 126కూ విండోస్ 126కూ సంబంధం లేదు.

షార్ట్‌కట్ చెప్పే చిరునామా

డెస్క్‌టాప్ మీద కనిపించే ఐకాన్ చాలాసార్లు ప్రోగ్రామ్ కాదు. ప్రోగ్రామ్ ఎక్కడుందో రాసి పెట్టుకున్న చీటీ. ప్రోగ్రామ్‌ను వేరే డ్రైవ్‌కు జరిపినా, అప్‌డేట్‌లో ఫోల్డర్ పేరులోని వెర్షన్ నంబర్ మారినా ఆ చీటీ పాతబడిపోతుంది. కొన్నిసార్లు విండోస్ తనంతట తానే కొత్త చోటు కనిపెట్టి చీటీని సరిదిద్దుతుంది. కుదరనప్పుడు ఈ షార్ట్‌కట్ చూపే ఐటమ్ మారిపోయింది లేదా జరిగిపోయింది అని చెబుతుంది.

ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ‘టార్గెట్’ అనే గడి ఉంటుంది. అందులోని చిరునామానే విండోస్ వెతుకుతున్నది. దాని కిందే ‘స్టార్ట్ ఇన్’ అనే ఇంకో గడి ఉంటుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ పట్టించుకోవాలి. ప్రోగ్రామ్ మొదలయ్యాక తన డేటా ఫైళ్లను పూర్తి చిరునామాతో కాకుండా ‘నేనున్న చోట డేటా అనే ఫోల్డర్‌లో’ అన్నట్టుగా అడగవచ్చు. ఆ ‘నేనున్న చోటు’ ఏదో నిర్ణయించేది ఈ గడి. ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోకి వెళ్లి నేరుగా క్లిక్ చేస్తే పనిచేసి, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ నుంచి మాత్రం ఫైల్ లేదని ఆగిపోతుంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోవచ్చు.

ఇదే కారణం ఇంకోచోట ఇంకో రూపంలో వస్తుంది. చేత్తో నడిపితే చక్కగా నడిచే బ్యాచ్ ఫైల్‌ను (కమాండ్‌ల జాబితా ఉన్న ఫైల్) రోజూ ఉదయం దానంతట అదే నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌కు అప్పగిస్తే ఫైల్ లేదంటుంది. షెడ్యూలర్‌లో ‘స్టార్ట్ ఇన్’ ఖాళీగా వదిలేస్తే ఆ పని విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో మొదలవుతుంది. బ్యాచ్ ఫైల్ పక్కనే ఉన్న డేటా ఫైల్ సిస్టమ్32లో ఎందుకుంటుంది? లినక్స్‌లో వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ ద్వారా నడిచే పనులదీ ఇదే బాధ. పైగా క్రాన్‌కు దొరికే పాత్ వేరియబుల్ (కమాండ్‌లను వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) చాలా చిన్నది, టెర్మినల్‌లో అలవాటైన కమాండ్‌లు కూడా దానికి తెలియవు. రెండు చోట్లా మందు ఒకటే: ఫైళ్లకూ కమాండ్‌లకూ పూర్తి చిరునామా రాయడం.

ఖాళీలు, కొటేషన్లు, కనిపించని అక్షరాలు

‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అనే ఫోల్డర్ పేరు మధ్యలో ఒక ఖాళీ ఉంది. ఆ ఒక్క ఖాళీ ఎన్ని గంటల పని చెడగొట్టిందో లెక్క కట్టలేం. విండోస్‌లో కమాండ్‌లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌కు ఖాళీ అంటే మాటకు ముగింపు. చిరునామాకు రెండువైపులా కొటేషన్ గుర్తులు పెట్టకపోతే ‘సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్’ వరకే కమాండ్ అనుకుని, అలాంటిది తనకు తెలియదంటుంది. మెసేజ్‌లో చిరునామా ‘ప్రోగ్రామ్’ అనే మాట దగ్గర తెగి కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు, కొటేషన్లు పెడితే సరిపోతుంది.

తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌లైన విండోస్ సర్వీసుల విషయంలో ఇది భద్రతా సమస్య కూడా. కొటేషన్లు లేని చిరునామాను విండోస్ ఖాళీల దగ్గర ఒక్కో ముక్కగా పరీక్షించి చూస్తుంది. సీ డ్రైవ్‌లో నేరుగా ‘ప్రోగ్రామ్’ అనే పేరుతో ఒక ఫైల్‌ను ఎవరైనా ఉంచితే, అసలు సర్వీస్ బదులు అది నడిచే ప్రమాదం ఉంది. అలాంటి పేరు కనబడితే విండోస్ లాగిన్ సమయంలో హెచ్చరించి, పేరు మార్చమని అడిగేది అందుకే.

కాపీ చేసి అతికించడంలోనూ ఒక చిక్కు ఉంది. ఫైల్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్ నుంచి చిరునామాను కాపీ చేస్తే దాని ముందు కంటికి కనబడని ఒక యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) అక్షరం వచ్చి చేరవచ్చు. రాత ఎడమ నుంచి కుడికి సాగాలని చెప్పే గుర్తు అది. చూపుకి చిరునామా అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది, కంప్యూటర్ మాత్రం లేదంటుంది. వర్డ్ ప్రాసెసర్‌లో రాసిన కమాండ్‌లో మామూలు కొటేషన్లు వంపు తిరిగిన కొటేషన్లుగా మారిపోయినా అంతే. ఎంత చూసినా తప్పు దొరకని చిరునామాను మొత్తం చెరిపి చేత్తో టైప్ చేసి చూడటం చాలా మంచి పరీక్ష.

ఇక ఎక్స్‌టెన్షన్లు. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను (ఫైల్ రకం చెప్పే ముక్క) దాచిపెడుతుంది. నోట్‌ప్యాడ్‌లో సెట్టింగుల ఫైల్ ఒకటి తయారుచేసి సేవ్ చేస్తే దాని చివర ఇంకో ‘డాట్ టీఎక్స్‌టీ’ చేరి ఉండవచ్చు, కానీ అది తెర మీద కనిపించదు. ప్రోగ్రామ్ అడిగిన పేరు వేరు, డిస్క్ మీద ఉన్న పేరు వేరు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోవడం కొత్త కంప్యూటర్ తీసుకున్న మొదటి రోజే చేయాల్సిన పని. లినక్స్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా పేరులో తేడానే. విండోస్‌లో పనిచేసిన ప్రాజెక్ట్‌ను లినక్స్ సర్వర్ మీద పెట్టగానే ఫైళ్లు ‘మాయం’ కావడానికి సాధారణంగా ఇదే కారణం.

యూజర్ పేరు తెలుగు లిపిలో పెట్టుకున్నవారికి ఎదురయ్యే ఇబ్బందిని కొంచెం వివరంగా చెప్పాలి. యూజర్ పేరుతోనే విండోస్ ఆ యూజర్ ఫోల్డర్‌ను తయారుచేస్తుంది. యూనికోడ్ తెలిసిన ప్రోగ్రామ్‌లకు దానితో ఏ పేచీ లేదు. పాతకాలపు ప్రోగ్రామ్‌లు మాత్రం అక్షరాలను ‘కోడ్ పేజీ’ అనే పట్టిక ద్వారా చదువుతాయి. విండోస్‌లో తెలుగుకు అలాంటి పాత పట్టికే లేదు, తెలుగు యూనికోడ్‌తోనే వచ్చింది. దాంతో అలాంటి ప్రోగ్రామ్‌కు ఫోల్డర్ పేరులోని తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా అందుతాయి. విండోస్ ఫైల్ పేర్లలో ప్రశ్నార్థకం వాడటం నిషేధం. అంటే ఆ ప్రోగ్రామ్ అడిగే చిరునామా ఉండటానికే వీల్లేనిది. తప్పు భాషది కాదు, యూజర్‌ది అంతకన్నా కాదు. కొత్త ప్రమాణాలను పట్టించుకోని ప్రోగ్రామ్‌ది. అయినా పని జరగాలి కాబట్టి, ఆ ప్రోగ్రామ్‌నూ దాని డేటానూ యూజర్ ఫోల్డర్‌కు బయట, ఇంగ్లీషు అక్షరాల పేరున్న ఫోల్డర్‌లో పెట్టుకోవడం ఒక దారి. టెంపరరీ ఫైళ్ల చోటును కూడా అలాంటి ఫోల్డర్‌కే మార్చాల్సి రావచ్చు. యూజర్ ఫోల్డర్ పేరును నేరుగా మార్చే ప్రయత్నం మాత్రం వద్దు. ఆ పాత చిరునామాను రాసి పెట్టుకున్న పదుల కొద్దీ ప్రోగ్రామ్‌లు ఒకేసారి దారి తప్పుతాయి.

చిరునామా పొడవు గురించి కూడా ఒక మాట. విండోస్‌లో చాలాకాలంగా పూర్తి చిరునామా హద్దు 260 అక్షరాలు. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయే జిప్ ఫైళ్లను డెస్క్‌టాప్ మీద విప్పితే ఆ హద్దు దాటిపోవచ్చు. 2016లో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి ఈ హద్దును తొలగించుకునే సెట్టింగ్ ఉంది, కానీ ప్రోగ్రామ్ కూడా దానికి సిద్ధమై ఉండాలి. సీ డ్రైవ్‌లోనే చిన్న పేరుతో ఒక ఫోల్డర్ చేసి అక్కడ విప్పితే ఈ గొడవ ఉండదు.

పాత్ వేరియబుల్

కమాండ్ ప్రాంప్ట్‌లో ప్రోగ్రామ్ పేరు మాత్రమే టైప్ చేస్తే అది ఎక్కడుందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? కొన్ని ఫోల్డర్ల జాబితాను సిస్టమ్ ముందే దగ్గర పెట్టుకుంటుంది. దాని పేరే పాత్ వేరియబుల్. జాబితాలో మొదటి ఫోల్డర్ నుంచి వరుసగా చూసుకుంటూ పోయి, ఆ పేరు మొదట ఎక్కడ దొరికితే దాన్నే నడుపుతుంది. కాబట్టి ఇక్కడ రెండు రకాల తప్పులు జరగవచ్చు. కావాల్సిన ఫోల్డర్ జాబితాలో లేకపోవడం ఒకటి. అదే పేరుతో పాత వెర్షన్ జాబితాలో ముందే తగలడం రెండోది. విండోస్‌లో సిస్టమ్ జాబితా ముందు, యూజర్ జాబితా తర్వాత వస్తాయి. యూజర్ జాబితాలో కొత్త వెర్షన్ చేర్చినా పాతదే నడుస్తుండటానికి కారణం ఈ వరుసే.

జాబితాను సరిదిద్దాక కూడా ‘ఇంకా లేదంటోంది’ అని బాధపడేవారు చాలామంది. ప్రతి ప్రోగ్రామ్ తను మొదలైన క్షణంలో ఆ జాబితా నకలు ఒకటి తీసుకుంటుంది, తర్వాత చేసిన మార్పులు దానికి తెలియవు. ముందే తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌ను మూసి కొత్తది తెరవాలి. కోడ్ ఎడిటర్ లోపలి టెర్మినల్ అయితే ఎడిటర్‌నే మూసి తెరవాలి. లినక్స్‌లో వాడే బ్యాష్ షెల్‌లో ఇలాంటిదే ఇంకో తమాషా ఉంది. ఒకసారి దొరికిన కమాండ్ చిరునామాను అది గుర్తుపెట్టుకుని, ప్రోగ్రామ్ వేరే చోటికి మారినా పాత చోటికే వెళ్లి లేదంటుంది. ‘హ్యాష్’ కమాండ్‌ను ‘మైనస్ ఆర్’తో ఇస్తే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది.

అసలు ఏది దొరుకుతోందో చూడటానికి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్’, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ‘టైప్’ అనే కమాండ్ ఉన్నాయి. ఆ పేరుతో ఉన్న ప్రోగ్రామ్‌లు ఏయే చోట్ల ఉన్నాయో ‘వేర్’ వరుసగా చూపిస్తుంది. విండోస్ 10, 11లలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఇన్‌స్టాల్ చేయకుండా ఆ పేరు టైప్ చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవడం కూడా ‘వేర్’తో అర్థమవుతుంది. అక్కడ ఉన్నది నిజమైన పైథాన్ కాదు, స్టోర్‌కు దారి చూపే ఖాళీ పేరు.

జాబితాను మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ‘సెట్ఎక్స్’ అనే కమాండ్ 1024 అక్షరాలు దాటిన విలువను కత్తిరించేస్తుంది. పొడవైన పాత్ జాబితాకు దానితో ఒక ఫోల్డర్ కలపబోతే చివరి ఫోల్డర్లన్నీ పోయి, అంతకుముందు పనిచేసిన ప్రోగ్రామ్‌లు కూడా దొరకకుండా పోతాయి. సెట్టింగుల్లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ విండోలో, ఉన్న జాబితాను ముందు కాపీ చేసి పెట్టుకుని, మార్చడమే క్షేమం.

కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే పెట్టె

ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే, లాగిన్ కాగానే ఫలానా ఫైల్ లేదనో మాడ్యూల్ దొరకలేదనో పెట్టె వస్తుంటే వైరస్ వచ్చిందని భయపడతారు. చాలాసార్లు అది వైరస్ పోయిందనడానికి గుర్తు. యాంటీవైరస్ హానికరమైన ఫైల్‌ను తీసేసింది, కానీ కంప్యూటర్ మొదలైనప్పుడు దాన్ని నడపమని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) రాసి ఉన్న వరుసను వదిలేసింది. సరిగ్గా అన్‌ఇన్‌స్టాల్ కాని మామూలు ప్రోగ్రామ్‌లు కూడా ఇలాంటి వరుసలను మిగులుస్తాయి. ఇక్కడ లేని ఫైల్‌ను వెతికి తెచ్చిపెట్టకూడదు, దాన్ని అడుగుతున్న వరుసను తీసేయాలి.

టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ట్యాబ్‌లో కొన్ని కనిపిస్తాయి, అన్నీ కనిపించవు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఆటోరన్స్ అనేదొకటి ఉంది. స్టార్టప్‌లో, షెడ్యూలర్‌లో, సర్వీసుల్లో, రిజిస్ట్రీలో వేర్వేరు చోట్ల దాగిన వరుసలన్నీ ఒకే పట్టికలో చూపిస్తుంది. ఫైల్ లేని వరుసలకు ప్రత్యేకంగా రంగు వేస్తుంది. అలాంటి వరుస పక్కన టిక్ తీసేస్తే చాలు, వెంటనే చెరిపేయనక్కర్లేదు. కొన్ని రోజులు చూసి ఇబ్బంది లేదనుకున్నాక చెరపవచ్చు.

ఇదే కుటుంబంలో ఇంకో మొండి కేసు ఉంది. ప్రోగ్రామ్ ఫైల్ చిరునామాలోనే ఉంది, పేరు సరిగ్గానే ఉంది, అనుమతి ఉంది, అయినా విండోస్ ఆ ఫైల్ దొరకలేదంటుంది. అదే ఫైల్ పేరు మార్చి క్లిక్ చేస్తే చక్కగా తెరుచుకుంటుంది. ఈ లక్షణం కనిపిస్తే రిజిస్ట్రీలోని ‘ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్’ అనే చోటు చూడాలి. ఫలానా పేరున్న ప్రోగ్రామ్ మొదలైనప్పుడు దానికి బదులు ముందుగా ఒక డీబగ్గర్‌ను (ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే టూల్) నడపమని చెప్పే ఏర్పాటు అక్కడ ఉంటుంది. ప్రోగ్రామర్ల కోసం చేసిన ఈ ఏర్పాటును యాంటీవైరస్‌లనూ టాస్క్ మేనేజర్‌నూ నడవనివ్వకుండా చేయడానికి మాల్వేర్ (హానికరమైన ప్రోగ్రామ్) వాడుకుంటుంది. మాల్వేర్‌ను తొలగించాక కూడా ఆ ‘డీబగ్గర్’ విలువ మిగిలిపోతే, విండోస్ ఆ లేని ఫైల్ కోసం వెతికి, ఉన్న ప్రోగ్రామ్ పేరు చెప్పి లేదంటుంది. మెసేజ్‌ను నమ్మి ప్రోగ్రామ్‌ను పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం ఉండదు. ఆ విలువను తొలగిస్తే వెంటనే పనిచేస్తుంది. రిజిస్ట్రీలో చెయ్యి పెట్టే ముందు ఆ భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవడం మరవకూడదు.

డీఎల్ఎల్ లేదన్నప్పుడు

‘వీసీరన్‌టైమ్140’ వంటి పేరుతో డీఎల్ఎల్ దొరకలేదనే మెసేజ్ చాలామందికి తెలిసిందే. వెంటనే ఆ పేరును ఇంటర్నెట్‌లో వెతికి, ఏదో ఒక సైట్ నుంచి ఆ ఒక్క డీఎల్ఎల్ దించుకుని సిస్టమ్32లో పడేయడం ప్రమాదకరమైన పని. అది ఏ వెర్షనో, అందులో ఏం కలిపారో తెలియదు. పైగా ఆ ఫైల్ ఒంటరిగా పనిచేసేది కాదు. అది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలో భాగం. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఆ ప్యాకేజీనే ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

64 బిట్ విండోస్ వాడుతున్నా ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయితే 32 బిట్ ప్యాకేజీ కావాలి. ఇక్కడ పేర్లే అయోమయం కలిగిస్తాయి. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, 32 బిట్ ఫైళ్లు ఉండేది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో. 32 బిట్ ప్రోగ్రామ్ సిస్టమ్32లో ఏదైనా అడిగితే విండోస్ దాన్ని చడీచప్పుడు లేకుండా సిస్‌వావ్64కు మళ్లిస్తుంది. మనం సిస్టమ్32 తెరిచి ‘ఇదిగో ఉందిగా’ అనుకుంటున్న ఫైల్ ఆ ప్రోగ్రామ్‌కు కనిపించకపోవడానికి కారణం ఇదే. రెండు ప్యాకేజీలూ ఇన్‌స్టాల్ చేసుకోవడంలో నష్టమేమీ లేదు.

ప్రోగ్రామ్ సొంత డీఎల్ఎల్ లేదా అసలు ప్రోగ్రామ్ ఫైలే మాయమైతే యాంటీవైరస్ క్వారంటైన్ జాబితా (అనుమానంతో పక్కకు తీసి బంధించిన ఫైళ్లు) చూడటం మరవవద్దు. విండోస్ సెక్యూరిటీలో ‘ప్రొటెక్షన్ హిస్టరీ’ అనే చోట ఏ ఫైల్‌ను ఎప్పుడు తీశారో ఉంటుంది. నమ్మకమైన చోటు నుంచి వచ్చిన ఫైల్ అని తేలాకే దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

లినక్స్, మ్యాక్ సంగతి

ఫైల్ ఎదురుగా ఉన్నా లేదనే మెసేజ్‌లో లినక్స్ విండోస్‌కు తీసిపోదు. స్క్రిప్ట్ (కమాండ్‌లు రాసిన ఫైల్) మొదటి వరుసలో దాన్ని ఏ ప్రోగ్రామ్ నడపాలో రాసి ఉంటుంది. ఆ ప్రోగ్రామ్ అక్కడ లేకపోతే సిస్టమ్ స్క్రిప్ట్ పేరు చెప్పి లేదంటుంది. విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ అయితే ప్రతి వరుస చివరా ఒక అదనపు అక్షరం ఉంటుంది. అది మొదటి వరుసలోని ప్రోగ్రామ్ పేరుకు అతుక్కుని, అలాంటి పేరున్న ప్రోగ్రామ్ లోకంలోనే లేకుండా చేస్తుంది. ‘డాస్‌టుయునిక్స్’ అనే టూల్ ఆ అక్షరాలను తీసేస్తుంది. 64 బిట్ లినక్స్‌లో 32 బిట్ ప్రోగ్రామ్ నడపబోతే, దాన్ని మెమరీలోకి తెచ్చే లోడర్ లేక అదే మెసేజ్ రావచ్చు. కొత్త బ్యాష్ వెర్షన్లు ఇలాంటప్పుడు ‘కావాల్సిన ఫైల్ దొరకలేదు’ అని కాస్త వివరంగా చెబుతున్నాయి, అది మంచి మార్పు. లైబ్రరీలు (విండోస్ డీఎల్ఎల్‌ల లాంటివి) లేనప్పుడు ‘ఎల్‌డీడీ’ కమాండ్ ఏది దొరికిందో ఏది దొరకలేదో వరుసగా చెబుతుంది. అయితే నమ్మకం లేని ప్రోగ్రామ్ మీద దాన్ని వాడకూడదు, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపే అవకాశం ఉంది.

మ్యాక్‌లో 2016 నాటి సియెర్రా నుంచి ఒక భద్రతా ఏర్పాటు ఉంది. డౌన్‌లోడ్ చేసిన యాప్‌ను అక్కడి నుంచే తెరిస్తే సిస్టమ్ దాన్ని వేరే తాత్కాలిక చోటు నుంచి నడపవచ్చు. పక్కనే ఉన్న ఫైళ్లు ఆ యాప్‌కు అప్పుడు కనిపించవు. ఫైండర్‌తో యాప్‌ను అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగితే సరిపోతుంది. ఇంటెల్ మ్యాక్ నుంచి యాపిల్ సిలికాన్ మ్యాక్‌కు మారినవారికి, ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే టూల్ హోమ్‌బ్రూ చిరునామా మారడం ఇంకో చిక్కు, పాత చిరునామా రాసి ఉన్న స్క్రిప్ట్‌లన్నీ ఆగిపోతాయి.

ఊహించకుండా చూడటం

ఇంతవరకు చెప్పిన వాటిలో ఏదీ సరిపోకపోతే ఊహలు ఆపి, ప్రోగ్రామ్ అడుగుతున్న చిరునామాలను కళ్లారా చూడవచ్చు. విండోస్‌లో దీనికి సిస్‌ఇంటర్నల్స్ వారి ప్రాసెస్ మానిటర్ ఉంది. లినక్స్‌లో ‘ఎస్‌ట్రేస్’ ఉంది. ప్రాసెస్ మానిటర్ తెరిచి, ప్రోగ్రామ్ పేరుతో ఫిల్టర్ పెట్టి, ప్రోగ్రామ్‌ను నడిపి, ఎర్రర్ పెట్టె రాగానే రికార్డింగ్ ఆపాలి. ఫలితాల గడిలో ‘నేమ్ నాట్ ఫౌండ్’, ‘పాత్ నాట్ ఫౌండ్’ అనే మాటలు కనిపిస్తాయి. ఇక్కడ ఓపిక కావాలి. ఆరోగ్యంగా నడిచే ప్రోగ్రామ్‌లో కూడా అలాంటి వరుసలు చాలా ఉంటాయి, ఎందుకంటే నాలుగు చోట్ల వెతికి ఐదో చోట దొరకడం మామూలే. కాబట్టి కింద నుంచి పైకి, ఎర్రర్ పెట్టెకు సరిగ్గా ముందు జరిగిన వాటి నుంచి చదవాలి. ఒకే ఫైల్ పేరును వరుసగా అనేక ఫోల్డర్లలో అడిగి, ఎక్కడా దొరక్క ఆగిపోయిన చోటు ఉంటుంది. లేనిది అదే. ఏయే ఫోల్డర్లలో వెతికిందో కూడా అక్కడే ఉంది కాబట్టి ఫైల్‌ను ఎక్కడ ఉంచాలో కూడా తెలిసిపోతుంది.

నెట్‌వర్క్ డ్రైవ్‌తో వచ్చే ఒక వింత కూడా ఇలాంటి పరిశీలనలోనే బయటపడుతుంది. మామూలుగా తెరిస్తే పనిచేసే ప్రోగ్రామ్, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిస్తే పాత్ లేదంటుంది. ఎక్కువ అధికారం ఇస్తే తక్కువ కనిపించడం ఏమిటనిపిస్తుంది. మామూలు యూజర్‌గా కలిపిన డ్రైవ్ అక్షరం అడ్మినిస్ట్రేటర్‌గా నడిచే ప్రోగ్రామ్‌కు విండోస్‌లో మామూలుగా కనిపించదు, అందుకే అలా. డ్రైవ్ అక్షరానికి బదులు సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ చిరునామా వాడితే పని జరుగుతుంది.

కారణం తెలిశాక కూడా మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే సరైన మందు అయ్యే సందర్భాలు ఉన్నాయి. ప్రోగ్రామ్ సొంత ఫైళ్లు చాలా పోయినప్పుడు, డిస్క్ చెడిపోతున్నప్పుడు, లేదా ఫోల్డర్‌ను చేత్తో జరిపి దాని లోపలి చిరునామాలన్నీ తెగిపోయినప్పుడు. ఒక ప్రాజెక్ట్ కోసం విడిగా పెట్టుకునే పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్ దీనికి మంచి ఉదాహరణ. లోపలి ఫైళ్లలో పాత చిరునామా రాసి ఉంటుంది కాబట్టి దాన్ని జరపడం కంటే కొత్త చోట మళ్లీ తయారుచేసుకోవడమే మేలు.

ఈ తలనొప్పిలో సగం యూజర్ చేతిలో లేదు, ప్రోగ్రామ్ రాసేవారి చేతిలో ఉంది. ‘ఫైల్ దొరకలేదు’ అని మాత్రమే రాసిన మెసేజ్‌తో ఎవరూ ఏమీ చేయలేరు. అడిగిన పేరు, వెతికిన పూర్తి చిరునామా, ఆ క్షణంలో ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో నడుస్తోంది, సిస్టమ్ ఇచ్చిన ఎర్రర్ నంబర్ ఎంత. ఈ నాలుగూ మెసేజ్‌లో చూపించడానికి రెండు మూడు వరుసల కోడ్ చాలు.